డేటా వేర్‌హౌస్ రిపోర్టుల పంపిణీ: మార్పును బట్టి కదిలే వ్యవస్థల చరిత్ర

సంస్థలోని పలుచోట్ల సమాచారాన్ని ఒకచోట చేర్చి ఉంచే డేటా వేర్‌హౌస్‌లోకి కొత్త సమాచారం వచ్చినప్పుడో, ఉన్న లెక్క ఒక హద్దు దాటినప్పుడో, ఎవరూ అడగకుండానే రిపోర్టు తయారై సంబంధిత వ్యక్తులకు చేరే ఏర్పాటు ఇది. బ్యాంకులు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు దీన్ని రోజూ వాడుతున్నాయి. దీని చరిత్ర చెప్పేవారు సాధారణంగా అమెరికా ప్రయోగశాలల దగ్గర మొదలుపెడతారు. కానీ ఇదే ఆలోచన తమిళనాడులోని వేలూరు చుట్టుపక్కల పోస్టుకార్డుల మీద కూడా నడిచింది. ఆ కథకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

అక్కడి నాట్రంపల్లి, గుడియాత్తం, వాణియంబాడి ఊళ్లు 1980వ దశకంలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. తమిళంతోపాటు తెలుగు, ఉర్దూ వినిపించే ప్రాంతం అది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో వైరాలజీ నిపుణుడైన టి. జేకబ్ జాన్, ఆయన సహచరులు ఆ కాలంలోనే అక్కడ ఒక వ్యాధి నిఘా పద్ధతిని తీర్చిదిద్దారు. దాని పేరు ‘నది’. ఉత్తర ఆర్కాటు జిల్లా ఆరోగ్య సమాచారం అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలతో ఆ పేరు ఏర్పడింది. ప్రభుత్వ ఆసుపత్రులనే కాక ప్రైవేటు డాక్టర్లనూ ఇందులో చేర్చుకున్నారు. పల్లె రోగి జ్వరం రాగానే ముందు వెళ్లేది ఎక్కువగా ప్రైవేటు డాక్టరు దగ్గరికే కాబట్టి, ఆ డాక్టరును వదిలేస్తే లెక్క సగమే వస్తుంది.

నిర్ణీత జాబితాలోని వ్యాధి కనిపిస్తే డాక్టరు ఒక కార్డు నింపి పోస్టులో వేస్తాడు. కార్డులు ఒకచోట చేరతాయి. ఒకే ఊరి నుంచి ఒకే జబ్బు కార్డులు వరుసగా వస్తున్నాయంటే జిల్లా ఆరోగ్య అధికారులకు వెంటనే కబురు వెళుతుంది. అది ఒక దారి. రెండో దారిలో నెలకోసారి సంచిక వెలువడుతుంది. కార్డు రాసిన డాక్టరుకు తన జిల్లాలో ఏం జరుగుతోందో అది తెలియజేస్తుంది. తిరుగు సమాచారం లేకపోతే కార్డు రాసే ఓపిక ఎవరికీ ఎక్కువకాలం ఉండదని ఈ బృందానికి తెలుసు. ఈ అనుభవాన్ని వారు 1998లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తర్వాత కేరళలోని కొట్టాయం జిల్లా ఇదే బాట పట్టింది.

‘నది’లోని ఈ రెండు దారుల్లాగే, క్యాలెండరు ప్రకారం వెళ్లే రిపోర్టు వేరు, సంఘటన జరిగినందుకు వెళ్లే రిపోర్టు వేరు. నేటి సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఈ రెంటినీ విడివిడిగానే చూస్తాయి.

కంప్యూటర్ రంగంలో ఈ ఆలోచనకు మూలం ‘ట్రిగ్గర్’. డేటాబేస్‌లో ఒక వరుస మారగానే మరో పని దానంతట అదే మొదలయ్యే పద్ధతిని 1976లో ఐబీఎం పరిశోధకుడు కె.పి. ఈశ్వరన్ ఒక పత్రంలో వివరించారు. డేటాబేస్‌లతో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి ట్రిగ్గర్లు వచ్చింది 1999లో. ఈలోపు 1988లో బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ డేటా వేర్‌హౌస్ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. 1992లో విలియం ఇన్‌మన్ పుస్తకంతో ఆ మాట వ్యాపార లోకమంతా పాకింది. 1990ల చివర్లో మైక్రోస్ట్రాటజీ వంటి సంస్థలు రిపోర్టులను ఈమెయిల్, పేజర్లకు పంపే సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. 2004లో మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్ వచ్చాక ఎవరికి, ఏ రిపోర్టు, ఏ రూపంలో వెళ్లాలో డేటాబేస్ పట్టిక నుంచే తీసుకునే సౌకర్యం కూడా అందింది.

అయితే ఈశ్వరన్ చెప్పిన ట్రిగ్గర్‌ను వేర్‌హౌస్‌కు ఉన్నదున్నట్టు తగిలిస్తే చిక్కే. వేర్‌హౌస్‌లోకి సమాచారాన్ని ఎక్కించే రాత్రిపూట లోడులో లక్షల వరుసలు చేరతాయి. వరుసకో ట్రిగ్గర్ కదిలితే మెయిల్‌బాక్సులు నిండిపోతాయి. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. అమ్మకాల పట్టిక నిండి, వాపసుల పట్టిక ఇంకా నిండకముందే రిపోర్టు వెళ్లిపోతే, తెల్లారేసరికి మేనేజరు చేతిలో తప్పుడు అంకె ఉంటుంది. అందుకే లోడు ప్రోగ్రాము చివర ఒక నియంత్రణ పట్టికలో ‘పూర్తయింది’ అని ఒక వరుస రాస్తుంది. తేదీ, సమయం, చేరిన వరుసల సంఖ్య అందులో ఉంటాయి. రిపోర్టు సాఫ్ట్‌వేర్ దాన్ని చూశాకే కదులుతుంది. ఆ తర్వాత కూడా అంకె హద్దు దాటిందా, లేదా అన్న షరతు పెట్టుకోవచ్చు.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే సంగతి కాదు, ఆ రంగం తెలిసినవారు తేల్చవలసింది. భారతదేశంలో 2004 నవంబరులో మొదలైన సమీకృత వ్యాధి నిఘా ప్రాజెక్టు ఇందుకు మంచి ఉదాహరణ. 1994లో సూరత్ ప్లేగు దేశాన్ని వణికించాక నిఘా అవసరం అందరికీ అర్థమైంది. ఆ ప్రాజెక్టులో ఆరోగ్య కార్యకర్త, డాక్టరు, ల్యాబు విడివిడి ఫారాల్లో వారంవారం లెక్క పంపేవారు. వ్యాధి తీవ్రతను బట్టి 5 ట్రిగ్గర్ స్థాయిలు నిర్ణయించారు. తొలి స్థాయిలో స్థానిక సిబ్బంది కదలాలి, తర్వాతి స్థాయిలో జిల్లా బృందం దిగాలి, చివరిది విపత్తు స్థాయి. పోలియో అనుమానమైతే ఒక్క కేసు చాలు.

వారం అంటే వ్యాధికి చాలా సమయం. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 7 రాష్ట్రాల్లో సమీకృత ఆరోగ్య సమాచార వేదిక మొదలైంది. 2021 ఏప్రిల్ 5న దాన్ని దేశమంతటికీ విస్తరించారు. పాత వ్యవస్థలో 18 వ్యాధులుంటే ఇందులో 33 ఉన్నాయి. మొత్తం అంకెలకు బదులు ఒక్కో కేసు వివరం, చోటుతో సహా, దాదాపు అప్పటికప్పుడే నమోదవుతుంది. నాట్రంపల్లి 2019 నుంచి తిరుపత్తూరు జిల్లాలో ఉంది. అక్కడి కేసులూ ఇప్పుడు ఈ వేదికలోకే చేరాలి.

ఇక మిగిలింది దిద్దుబాటు. ల్యాబు ఫలితం వచ్చాక నిన్నటి అనుమానిత కేసు జాబితాలోంచి పోవచ్చు. బ్యాంకులో నిన్నటి ఎంట్రీ రద్దు కావచ్చు. వేర్‌హౌస్ సాధారణంగా పాత విలువను చెరిపేయకుండా తేదీతో సహా ఉంచుకుంటుంది కాబట్టి ఏది, ఎప్పుడు మారిందో తెలుస్తుంది. మొదటి రిపోర్టు ఎవరెవరికి వెళ్లిందో ఆ జాబితాను కూడా భద్రపరిచిన సంస్థలు సవరించిన రిపోర్టును అదే జాబితాకు తిరిగి పంపగలుగుతున్నాయి.