మన ఫొటోల కింద మన పేర్లు



ఈ మధ్య మా హాస్టల్లో కొంతమందిమి ఇంటి ఫొటోలన్నీ పోగేసి పుస్తకాలుగా వేయించుకుంటున్నాం. పెళ్లిళ్లకు కరిజ్మా ఆల్బమ్ చేసే స్టూడియోల్లోనే ఇవి కూడా చేస్తారు. "ఫోన్లో ఉన్నాయిగా, మళ్లీ పుస్తకం ఎందుకు?" అని చాలామంది అడిగారు. జవాబు కోసం కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

ఆదివాసుల ఫొటోలు పుస్తకాలకెక్కి నూటయాభై ఏళ్లు దాటింది. కానీ వాటిని వేయించింది మనం కాదు. 1857 తిరుగుబాటు తర్వాత, తాము ఏలుతున్న జనం ఎవరెవరో తెలుసుకోవాలని బ్రిటిష్ వాళ్లు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు తెచ్చారు. 1868 నుంచి 1875 దాకా లండన్‌లో వచ్చాయవి. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నవాడాయన. ఇలాంటి పుస్తకాల్లో ఫొటో కింద తెగ పేరు ఉంటుంది. ఆ మనిషి పేరేంటో, ఎవరి బిడ్డో చాలా చోట్ల ఉండదు.

తర్వాత వచ్చిన హైమండార్ఫ్ వేరే రకం మనిషి. ఆస్ట్రియా దేశస్తుడు. 1939లో యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ వాళ్లు ఆయన్ని శత్రుదేశం వాడిగా లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానంలోనే ఉండమన్నారు. అలా చెంచులతో, కొండరెడ్లతో, గోండులతో కలిసి బతికాడు. 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో రాజగోండుల మీద ఆయన పుస్తకాలొచ్చాయి. ఆయన 'బైసన్ హిల్స్' అన్నది మన పాపికొండలనే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడయ్యాక, గోండుల కష్టాల మీద నిజాం ప్రభుత్వం ఆయన్నే నివేదిక అడిగింది. ఆయన భార్య బెట్టీ సమాధి ఈరోజుకీ మార్లవాయిలో ఉంది. మనవాళ్లు ఆయన్ని గౌరవిస్తారు, మేమూ గౌరవిస్తాం. అయినా ఆయన తీసిన ఫొటోలు ఉన్నది లండన్‌లో, సోవాస్ అనే విద్యాసంస్థలో. మన ముత్తాతల మొఖాలు అక్కడ భద్రంగా ఉన్నాయి, మన ఇళ్లల్లో లేవు.

మరి మన ఇళ్లల్లో ఏమున్నాయి? 1993లో ఓటరు ఫొటో కార్డులు మొదలయ్యాయి. మా తాతలు, నానమ్మల్లో కొందరికి అదే మొదటి ఫొటో. తర్వాత రేషన్ కార్డుకి, స్కాలర్‌షిప్‌కి దిగినవి. అంటే మన ఫొటోలు చాలావరకు ఆఫీసుల కోసం దిగినవే. పండగకో, పెళ్లికో దిగిన నాలుగు ఫొటోలు ట్రంకు పెట్టెలో ఉంటాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇళ్లల్లోకి వచ్చిన నీళ్లు ఫొటో అని చూడలేదు. పోలవరం ముంపులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అక్కడ ఇల్లు, చెట్టు, గుడి ఎలా ఉండేవో రేపటి పిల్లలకు చూపించడానికి ఫొటోలే మిగులుతాయి.

ఫోన్ పగిలితే లోపలివన్నీ పోతాయి. ఫొటో మిగిలినా, అందులో ఉన్నది ఎవరో చెప్పే ముసలమ్మ లేకపోతే, మన ఇంట్లోనే అది పేరులేని ఫొటో అయిపోతుంది. థర్‌స్టన్ పుస్తకంలో ఫొటోకీ దానికీ తేడా ఏముంటుంది?

అందుకే మేం ఇలా చేస్తున్నాం. పాత ఫొటోని అద్దం ఫ్రేములోంచి బలవంతంగా పీకం. అతుక్కుపోయి ఉంటే అలాగే, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో తీస్తాం. విడిగా ఉన్నవాటిని స్కాన్ చేయిస్తాం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపుతాం. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఫొటో బాగా అచ్చవ్వాలంటే దాదాపు 1800, 1200 పిక్సెళ్లు ఉండాలి. ప్రతి ఫొటో కింద పేరు, ఇంటి పేరు, గోత్రం, ఊరు, తెలిస్తే ఏడాది రాస్తాం. ఏడాది తెలియకపోతే "పెద్ద వరద వచ్చిన ఏడు" అని పెద్దవాళ్లు చెప్పినట్టే రాస్తాం. కోయ, గోండి మాటలుంటే తెలుగు లిపిలో అలాగే ఉంచుతాం. చనిపోయినవాళ్ల ఫొటో, దేవర ఫొటో పెట్టాలా వద్దా అన్నది ఇంటి పెద్దలు చెప్పాలి. వాళ్లు వద్దంటే పెట్టం. ప్రతి పుస్తకం రెండు కాపీలు. ఒకటి ఊళ్లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో.

డబ్బుల్లేకపోతే పుస్తకం తర్వాత వేయించుకోవచ్చు, పేర్లు మాత్రం ఆగవు. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. ట్రంకు పెట్టె తెరిచి, అవ్వ పక్కన కూర్చుని, ఒక్కో ఫొటో చూపించి "ఈయనెవరు? నాకేమవుతాడు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. పుస్తకం ఎలా పేర్చాలో తెలియకపోతే గ్రూపులో అడగండి, మేం సాయం చేస్తాం.