చావుల లెక్కలో చేరని మచ్చలు

హైదరాబాద్ స్త్రీల ఉద్యమం గురించి ఎవరు రాసినా కొన్ని సంవత్సరాల దగ్గర తప్పకుండా ఆగుతారు. 1974లో ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ ఏర్పడడం, ఆ వెంటనే వరకట్నానికి వ్యతిరేకంగా ఆడపిల్లలు వీధుల్లోకి రావడం, 1978లో నల్లకుంట పోలీస్‌స్టేషన్ అత్యాచారం మీద ఊరంతా భగ్గుమనడం, ఆ రోజుల్లోనే స్త్రీశక్తి సంఘటన పుట్టడం. ఎనభైల్లో "స్టవ్ పేలి వివాహిత మృతి" అనే రెండు లైన్ల వార్త వెనక ఏముందో వెతుకుతూ నిజనిర్ధారణలు, అత్తవారి ఇళ్ళ ముందు ధర్నాలు. దేశమంతటా వచ్చిన అలాంటి ఒత్తిడితోనే 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు వచ్చాయి. ఇది మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర, చెప్పుకోవాల్సిన చరిత్రే. అయితే ఇందులో నాకు ఎప్పటినుంచో ఒక ఖాళీ కనిపిస్తోంది. కాలి చనిపోయిన స్త్రీ ఈ చరిత్రలో ఉంది. కాలి బతికిన స్త్రీ లేదు.

ఇది ఎవరి నిర్లక్ష్యమో తేల్చడానికి రాస్తున్నది కాదు. చట్టమే అలా తయారైంది. 304బి కింద కేసు నిలబడాలంటే పెళ్ళయిన ఏడేళ్ళ లోపు ఆమె చనిపోవాలి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని సంఖ్య 80గా మారింది గానీ మొదటి షరతు మారలేదు. కాలిన మనిషి ఆసుపత్రికి చేరగానే మెజిస్ట్రేటును పిలిపించి మరణ వాంగ్మూలం తీసుకుంటారు. ఆ కాగితం పేరులోనే ఆమె చనిపోబోతోందన్న నమ్మకం ఉంది. బతికితే? ఆ మాటల విలువ కోర్టులో మారిపోతుంది. భర్త మంచం పక్కనే నిలబడి ఉండగా "స్టవ్ పేలింది" అని ఆమె చెప్పి ఉంటే ఇక అంతే. తిరిగి వెళ్ళాల్సింది ఆ ఇంటికే, ఆ వంటగదికే. పత్రికకు వార్త లేదు, సంఘానికి కేసు లేదు, ఆసుపత్రికి మంచం ఖాళీ అవుతుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుందని చాలామందికి తెలియదు. ఆమెకు కూడా తెలియదు.

ఎందుకంటే గాయం మానడం వేరు, మచ్చ పండడం వేరు. పైన చర్మం మూసుకోగానే "మానిపోయిందమ్మా" అంటాం. లోపల పని అప్పుడే ఊపందుకుంటుంది. మూడు వారాల లోపు మూసుకున్న కాలిన గాయం సాధారణంగా పెద్ద మచ్చ లేకుండా పోతుంది. మూడు వారాలు దాటి ఇంకా పచ్చిగా ఉందంటే అక్కడ మచ్చ ఉబ్బి గట్టిపడే అవకాశం ఎక్కువ. మొదటి ఆర్నెల్లు అది ఎర్రగా, దద్దుగా, భరించలేని దురదతో ఉంటుంది. మెత్తబడి, రంగు తగ్గి నెమ్మదించడానికి ఏడాది, ఏడాదిన్నర, కొందరిలో రెండేళ్ళు పడుతుంది. ఈ కాలమంతా అది ముడుచుకుంటూనే ఉంటుంది. మచ్చకు దగ్గరగా కీలు ఉందా, మెడ ఉందా, కనురెప్ప ఉందా అని అది చూడదు.

నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఇంకొకటుంది. కాలినవాళ్ళకు ఏ భంగిమలో హాయిగా ఉంటుందో, సరిగ్గా ఆ భంగిమలోనే చర్మం బిగుసుకుపోతుంది. మెడ కాలితే తల వంచుకుంటే నొప్పి తగ్గుతుంది. జాలిపడి ఎవరో తల కింద దిండు పెడతారు. ఆ దిండే గడ్డాన్ని రొమ్ముకు అతికిస్తుంది. అందుకే మెడ కాలినవారికి దిండు ఇవ్వకూడదనీ, మెడ కాస్త వెనక్కి వాలేలా పడుకోబెట్టాలనీ వైద్యులు చెబుతారు. చంక కాలితే చేతిని ఒంటికి ఆనించుకోవడమే హాయి, కాబట్టి ఆ చేతిని దూరంగా చాపి ఉంచాలి. మోచెయ్యి చాచి పట్టీ కట్టాలి. నొప్పిగా ఉన్నా రోజూ కదిలించాలి. ఇప్పుడు ఆలోచించండి. కోడలిగా తలదించుకుని కూర్చోవడం చిన్నప్పటినుంచి నేర్పిన మనిషి, కాలిన తర్వాత సిగ్గుతోనో భయంతోనో ఇంకాస్త తల వంచుకుంటే, అది వినయమో, బాధో, చర్మం బిగుసుకోవడమో ఇంట్లో ఎవరు గుర్తుపడతారు? ఏడాది తర్వాత ఆమె తల ఎత్తాలనుకున్నా ఎత్తలేదు.

హిమాయత్‌నగర్‌లో మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఒకామె ఉంది. పాలమూరు వైపు నుంచి వచ్చింది. ఆమె కుడి మోచెయ్యి పూర్తిగా చాపదు. ఇస్త్రీపెట్టెను ముందుకు తొయ్యాల్సి వచ్చినప్పుడు చెయ్యి బదులు ఒళ్ళంతా ముందుకు వంగుతుంది. చాలాకాలం అది ఆమె పనితీరు అనుకున్నాను. ఒకసారి నేనే అడిగాను. "ఎప్పుడో కిరసనాయిలు పొయ్యి అంటుకున్నదక్కా. పుండు మంచిగనే మానింది. చెయ్యే రాలే," అంది. ఆసుపత్రికి మళ్ళీ రమ్మనలేదా అంటే, రమ్మన్నారట. "పుండు మానినంక ఏమని పోవాలె?" అంది. ఈ ప్రశ్నకు జవాబు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఏమని పోవాలో ఇక్కడే చెప్పుకుందాం. మచ్చ కీలును లాగుతోందంటే, అంటే నిన్న చాపగలిగినంత చెయ్యి ఈ వారం చాపలేకపోతుంటే, అది పోవాల్సిన మచ్చ. నిద్రలో కన్ను పూర్తిగా మూతపడకపోతే ఇంకా తొందరగా పోవాలి, నల్లగుడ్డు ఎండి చూపు దెబ్బతింటుంది. మచ్చ వేడిగా ఎర్రబడి, చీము పట్టి, జ్వరం వస్తే ఆ రోజే పోవాలి. దురద నిద్ర పట్టనివ్వకపోయినా పోవచ్చు, అది చిన్న కారణమేం కాదు. దశాబ్దాల నాటి మచ్చ మధ్యలో చిన్న పుండు లేచి మానకుండా, మళ్ళీ మళ్ళీ పగులుతుంటే దాన్ని అస్సలు అశ్రద్ధ చెయ్యకూడదు. 1828లో ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ వర్ణించిన పుండు ఇదే. అందులో క్యాన్సర్ ఉండొచ్చని తర్వాతి తరం వైద్యులు గుర్తించారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తే తేలిపోతుంది. పాత మచ్చే కదా అని ఏళ్ళ తరబడి పసుపు రాసుకుంటూ ఉండిపోతారు మన ఆడవాళ్ళు.

గాయం అంచులు దాటి పక్క చర్మంలోకి పాకే మచ్చ మరో రకం. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అలీబేర్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు దానికి పీత కొండిని సూచించే గ్రీకు మాటతో కీలాయిడ్ అని పేరు పెట్టాడు. చెవులు కుట్టించుకున్న చోట, భుజం మీద టీకా వేసిన చోట, రొమ్ముల మధ్య మొటిమ లేచిన చోట కూడా రావచ్చు. నెలల తర్వాత మొదలవుతుంది, దానంతటది తగ్గదు. నలుపు, చామనఛాయ చర్మాల్లో ఎక్కువ. కొందరిలో గర్భం వచ్చినప్పుడు పెరుగుతుంది. దీన్ని ఊరికే కోయించుకుంటే అంతకంటే పెద్దదై తిరిగి వస్తుంది. మచ్చలోకి స్టీరాయిడ్ సూదులు, సిలికాన్ పట్టీలు, ఒత్తిడి, కోసిన వెంటనే రేడియేషన్, ఇలా కలిపి చెయ్యాల్సిన వైద్యం అది.

సిజేరియన్ మచ్చ గురించి కూడా ఒక్క మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగాయి, దేశంలో ఇదే అత్యధికం. ఇంతమంది పొట్టల మీద ఉన్న ఈ మచ్చలో గడ్డలాంటిది తగులుతూ, నెలసరి వచ్చినప్పుడల్లా నొప్పి పెడుతుంటే, గర్భసంచి లోపలి పొర ఆ మచ్చలో చేరి ఉండవచ్చు. "కుట్లు లాగుతున్నాయేమోలే" అని కొట్టిపారేసే నొప్పి ఇది.

మళ్ళీ చరిత్రలోకి వస్తాను. కాలిన, కోసిన ముఖాలను సరిచేసే విద్య మన దగ్గర కొత్తది కాదు. తెగిన ముక్కును, చెవి తమ్మెను చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మేగజైన్ పూనాలో జరిగిన ఒక ముక్కు శస్త్రచికిత్సను బొమ్మతో సహా అచ్చేసింది. రోగి కవాస్‌జీ, ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలేవాడు, టిప్పు సైన్యానికి దొరికి ముక్కు పోగొట్టుకున్నాడు. ఆ పద్ధతి చదివే లండన్‌లో కార్ప్యూ 1814లో అలాంటి ఆపరేషన్ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు గిలీస్ చేసిన వైద్యంతో ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ నిలదొక్కుకుంది. ఎడ్లబండివాడు, సైనికులు. ఈ కథలో గాయపడినవాళ్ళంతా మగవాళ్ళే, గాయాలన్నీ యుద్ధంలో తగిలినవే. అనుమానించి ముక్కు కోసిన ఆడవాళ్ళు ఈ దేశంలో తక్కువేం కాదు. వాళ్ళ పేర్లు ఈ కథలో వినిపించవు. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ ఆ తర్వాత ఎలా బతికిందని అడగడానికి కూడా మన సాహిత్యానికి చాలా కాలం పట్టింది. ఓల్గా 'సమాగమం' కథలో సీత ఆమెను వెతుక్కుంటూ వెళ్ళేదాకా ఆమె ముక్కు తెగిన క్షణంలోనే ఆగిపోయి ఉంది.

వంటింటి మంటలకూ ఒక చరిత్ర ఉంది. గాలికొట్టే కిరసనాయిలు స్టవ్, నేల మీద కూర్చుని వంట, డెబ్భైల తర్వాత ఇంటింటికీ వచ్చిన నైలాన్, పాలిస్టర్ చీరలు. నూలు చీర కాలితే బూడిదవుతుంది. ఈ చీర కరిగి ఒంటికి అంటుకుంటుంది, గాయం లోతుకు దిగుతుంది. నిజంగా ప్రమాదంలో కాలినవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, ఆ మాట మనం చెప్పుకోవాలి. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకాన్ని పొగ పేరుతోనూ, ఓట్ల పేరుతోనూ అంచనా వేశారు గానీ కాలిన ఒళ్ళ పేరుతో చూసినవాళ్ళు తక్కువ.

లిబర్టీ నుంచి నారాయణగూడ వైపు నడుస్తుంటే హిమాయత్‌నగర్ రోడ్డుకు రెండు వైపులా చర్మం, జుట్టు క్లినిక్కుల బోర్డులు కనిపిస్తాయి. మచ్చలేని ముఖం వాళ్ళు అమ్మే సరుకు. అక్కడినుంచి అబిడ్స్, కోఠి మీదుగా అఫ్జల్‌గంజ్ వెళితే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. 1908 వరదలో పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్నాక చివరి నిజాం కాలంలో కట్టింది. తెలంగాణ జిల్లాల నుంచి కాలినవాళ్ళు తరాలుగా చేరుతున్న చోటు అది. 2020ల మొదట్లో అక్కడ చర్మ నిధి కూడా ఏర్పడింది, చనిపోయినవారి చర్మాన్ని దానంగా తీసుకుని కాలినవాళ్ళ గాయాల మీద కప్పడానికి. క్లినిక్కుకూ ఆసుపత్రికీ మధ్య బస్సులో అరగంట. మచ్చ అనే మాటకు మాత్రం రెండు చోట్లా ఒకే అర్థం లేదు. ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమా తారల ముక్కులు గుర్తొచ్చే మనకు, అది ముడుచుకుపోయిన చేతిని చాపించే వైద్యం కూడానన్న సంగతి తెలియకుండా పోయింది. ఇస్త్రీ బండి ఆమెకు అలాంటి ఆపరేషన్ ఉందని చెబితే "నాకెందుకక్కా అందం" అని నవ్వింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో, కాలిన తర్వాత బిగుసుకున్న చర్మానికి అవయవం పనిచేయడం కోసం చేసే శస్త్రచికిత్సలు ఉన్నాయి. అందం కోసమా, పని కోసమా అన్న ప్రశ్న ప్రభుత్వమూ అడుగుతుంది, ఆమే అడుగుతుంది. ముఖం మీద మచ్చ వల్ల పని దొరకకపోవడాన్ని ఎటువైపు వెయ్యాలో ఎవరూ చెప్పరు.

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కొద్ది రోజుల్లోనే నిందితులు ముగ్గురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. పూలమాలలు, మిఠాయిలు. అది న్యాయం కాదని చెప్పిన స్త్రీవాదులు తిట్లు తిన్నారు. ఒక అమ్మాయి నెల తిరక్కముందే చనిపోయింది. రెండో అమ్మాయి ఎన్ని ఆపరేషన్ల గుండా నడిచిందో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమంది కనుక్కున్నారు?

యాసిడ్ విషయంలో చట్టం ఆ తర్వాత కొంత కదిలింది. 2013లో 326ఎ, 326బి సెక్షన్లు వచ్చాయి, ఇప్పుడవి న్యాయ సంహితలో 124. బాధితులకు కనీసం మూడు లక్షల పరిహారం ఇవ్వాలని అదే ఏడాది సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రులు సైతం ఉచితంగా పూర్తి వైద్యం చెయ్యాలనీ, అందులో ముఖాన్ని సరిచేసే శస్త్రచికిత్సలూ భాగమేననీ 2015లో స్పష్టం చేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను జాబితాలో చేర్చింది. ఇవన్నీ బాధితులే పోరాడి సాధించుకున్నవి.

ఆ జాబితాలో కిరసనాయిలు లేదు. యాసిడ్, అలాంటి తినేసే ద్రవాలు పోసి ముఖం పాడుచేస్తే ఒక వర్గం. వంటింట్లో నిప్పంటిస్తేనో, నిప్పంటుకుంటేనో ఆ వర్గంలోకి రాదు. అదే ముఖం, అదే మచ్చ, అన్నే ఆపరేషన్లు. కాలిన స్త్రీ సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డు ముందుకు వెళితే కదలికల లోపం కింద చూస్తారు. ఎలా కాలింది, ఎవరున్నారు అప్పుడు, మళ్ళీ ఆ ఇంట్లోనే ఉంటున్నావా అని అక్కడ అడగరు. మోచెయ్యి ఎన్ని డిగ్రీలు చాపగలదో కొలిచి రాసుకుంటారు.