కుర్చీ కథలో మూగది ఎవరు?

‘కిస్సా కుర్సీ కా’ పేరెత్తితే మన సభల్లో వినబడేది ఒక్క ముచ్చటే: సినిమాను తగలబెట్టారని. అది నిజమే. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ నుంచి గెలిచిన కాంగ్రెస్ ఎంపీ అమృత్ నాహటా సొంత పార్టీ ఏలుబడినే ఎగతాళి చేస్తూ ఆ సినిమా తీశాడు. 1975 ఏప్రిల్‌లో సెన్సారుకు పంపితే 51 అభ్యంతరాలతో నోటీసొచ్చింది. ఈలోగా జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. పాత్రలన్నీ కల్పితాలేనని నాహటా జవాబు రాసుకున్నాడు. ఎవరు వింటారు? నెగెటివ్‌నూ ప్రింట్లనూ పట్టుకుపోయి గుర్గావ్‌లోని మారుతి ఫ్యాక్టరీలో కాల్చి బూడిద చేశారు. ఈ కేసులో 1979 ఫిబ్రవరిలో సంజయ్ గాంధీకీ, ఎమర్జెన్సీలో సమాచార మంత్రిగా చేసిన వి.సి. శుక్లాకూ శిక్ష పడింది. ఇందిర మళ్లీ గెలిచిన 1980లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

భావప్రకటనా స్వేచ్ఛ గురించి ఉపన్యసించడానికి ఇంతవరకూ చాలు. మేం అడగదల్చుకున్నది మాత్రం తెరమీది సంగతి.

నాహటా మళ్లీ తీసి 1978లో విడుదల చేసిన సినిమాలో గంగారాం అనే టక్కరి దేశాధ్యక్షుడవుతాడు. దేశంలోని జనమంతా కలిసి ఒకే ఒక్క ఆడమనిషి. ఆమె పేరే జనత. షబానా ఆజ్మీ వేసిన ఈ పాత్రకు మాట రాదు. ఎవరేం చేసినా నోరు లేకుండా చూస్తుంటుంది.

సినిమా విడుదలయ్యేనాటికే ఆ మూగది మాట్లాడేసింది! 1977 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని 85 సీట్లలో, బీహార్‌లోని 54 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటంటే ఒక్కటి దక్కలేదు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఎక్కువగా ఈడ్చుకుపోయింది ఎవరిని? గుడిసెలు కూల్చింది ఎవరివి? దళితులు, ముస్లింలు, కూలినాలి చేసుకునేవాళ్లు కసిగా ఓటేశారు. తనను నమ్మి హాలుకొచ్చే ఈ జనాన్నే వ్యంగ్యకారుడు ఇంకా మూగదానిగా చూపిస్తున్నాడు. జాలి పడుతున్నాననే అనుకొని ఉంటాడు.

పైగా ఆ జనతకు కులం లేదు. బయట ఉంది. జనతా ప్రభుత్వం గద్దెనెక్కిన రెండు నెలలకే, 1977 మే 27న, బీహార్‌లోని బెల్చీలో దళితులు సహా 11 మందిని కాల్చి మంటల్లో వేశారు. కాల్చినవాళ్లూ జనతే, కాలినవాళ్లూ జనతేనా? ఆగస్టులో ఇందిర ఏనుగెక్కి ఆ ఊరికి వెళ్లింది; ఆమె తిరిగి లేచింది అక్కణ్ణుంచే. కుర్చీ కథల్లో ఇంతకు మించిన ఘట్టం ఏముంది?

కుర్చీ ఎక్కినవాణ్ణి చూసి నవ్వించడం ఈ సినిమాలకు అలవాటే. ఎక్కనివ్వనివాళ్ల జోలికి మాత్రం పోవు. జగ్జీవన్‌రామ్‌ను చూడండి. ఆయన్ని నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. 1975 జూలైలో ఎమర్జెన్సీ తీర్మానాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టింది ఆయనే. 1977 ఫిబ్రవరిలో ఆయన బయటికి రావడంతోనే కాంగ్రెస్ గోడ బీటలు వారింది. గెలిచాక? జగ్జీవన్‌రామ్‌ను ఆపడానికి చరణ్‌సింగ్ ఆసుపత్రి మంచం మీంచే మొరార్జీకి మద్దతు తెలుపుతూ ఉత్తరం పంపాడు. 1979లో మొరార్జీ తప్పుకున్నాక జనతా పార్లమెంటరీ పార్టీ జగ్జీవన్‌రామ్‌ను నాయకుడిగా ఎన్నుకుంది. చరణ్‌సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసింది. తనకు అవకాశమివ్వమని జగ్జీవన్‌రామ్ అడిగాడు. అప్పటి రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క సీటు, నంద్యాల, ఆయనదే. ఆ రెడ్డిగారు జగ్జీవన్‌రామ్‌ను పిలవలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు.

1980 జనవరి ఎన్నికల్లో జనతా పార్టీ జగ్జీవన్‌రామ్‌నే ప్రధాని అభ్యర్థిగా ముందు నిలబెట్టింది. వచ్చినవి 31 సీట్లు.