వృద్ధుల దేహమనశ్శక్తుల పరీక్ష

వయస్సు మీఱినవారు నడచుట, స్నానమాడుట, చూచుట, వినుట, జ్ఞప్తి యుంచుకొనుట మున్నగు నిత్యకృత్యములను ఎంతవఱకు నెఱవేర్చుకొనగలరో వరుసగా విచారించి, శక్తి సన్నగిల్లుచున్నవారిని వారు మొఱపెట్టుకొనక పూర్వమే కనుగొనుటకు ప్రజారోగ్యశాఖలు అవలంబించు పద్ధతి. రోగనామముకంటె రోగి చేయగల పనికే ఇందు ప్రాధాన్యము.

ఆయుర్వేదము తన అష్టాంగములలో రసాయనతంత్రమును జరానివారణకై కేటాయించెను. ఇంగ్లండున 1601 నాటి దరిద్రసంరక్షణ శాసనము, వార్ధక్యముచేతనో అవిటితనముచేతనో పని చేయజాలని పేదలను పనిచేయగల పేదలనుండి వేఱుపఱచెను. తరువాతి మూడు శతాబ్దములలో దిక్కులేని వృద్ధులు పలువురు అనాథశాలలకు చేరుచుండిరి. 1909లో న్యూయార్కు వైద్యుడగు ఇగ్నాజ్ నాషర్ వృద్ధుల వైద్యమునకు ‘జీరియాట్రిక్స్’ అను పేరు పెట్టెను.

ఈ విద్యకు ఆచరణరూపము నొసగినది మార్జరీ వారెన్ అను ఆంగ్ల వైద్యురాలు. 1935లో ఐల్‌వర్త్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పొరుగుననున్న అనాథశాల వైద్యశాలను తనలో కలుపుకొనగా, అందలి 714 మంది రోగుల భారము ఆమెపై బడెను. ఏండ్ల తరబడి మంచము దిగక, రోగనిర్ణయమైనను జరుగక పడియున్న ఆ వృద్ధులను ఆమె ఒక్కొక్కరినే పరీక్షించి, లేచి తిరుగగలవారు, మంచముననున్నను మలమూత్రములపై అదుపు గలవారు, అదుపు తప్పినవారు, మతి చలించినవారు అని వర్గములుగా విభజించి, వార్డులకు లేతరంగులు వేయించి, నడక తిరిగి నేర్పించి, ఇక ఇల్లు చేరరని తలంపబడినవారిలో అనేకులను ఇండ్లకు పంపగలిగెను. 1943లోను 1946లోను ఆమె ప్రకటించిన వ్యాసములు నేటికిని చదువదగినవి.

ఆసుపత్రి గోడలు దాటి ఈ విచారణను వీధులలోనికి కొనివచ్చినవాడు జోసెఫ్ షెల్డన్. వుల్వర్‌హాంప్టన్ నగరమున రేషను పట్టికలనుండి వృద్ధుల నెంచుకొని, వారి యిండ్లలోనే చూచి, 1948లో ఆతడు ప్రకటించిన గ్రంథము జారిపడుటవంటి, ఎవ్వరును రోగముగా నెంచని బాధలను వైద్యుల దృష్టికి తెచ్చెను. 1952లో స్కాట్లండునందలి రూథర్‌గ్లెన్ పట్టణమున ఫెర్గూసన్ ఆండర్సన్, నైర్న్ కోవన్ అను వారిరువురు 55 ఏండ్లు దాటినవారికై ప్రత్యేక సలహాకేంద్రమును నెలకొల్పిరి. 1964లో జేమ్స్ విలియమ్సన్ ఎడిన్‌బరో ప్రాంతమున 200 మంది వృద్ధులను పరీక్షింపగా, వారి వైకల్యములలో సగమునకు పైగా వారి స్వంత వైద్యులకే తెలియవని తేలెను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు వైద్యులకు తెలిసియుండెను; పాదముల నొప్పి, మూత్రబాధ, మతిమఱపు, మనోవ్యాకులత తెలియకుండెను. ‘ముసలితన మన్న అంతే’ యని రోగి సరిపెట్టుకొని అడుగడు. అడుగనిది వైద్యుడు వెదకడు. ఈ శాస్త్రమున కంతకును ఆధారభూతమైన పరిశోధన ఇదియే యనవచ్చును.

కొలమానములు ఆ దశాబ్దముననే వెలువడ నారంభించెను. అమెరికాలోని క్లీవ్‌లండున సిడ్నీ కాట్జ్ 1963లో స్నానము, వస్త్రధారణ, మలవిసర్జనకు పోవుట, మంచమునుండి లేచుట, మలమూత్రముల అదుపు, భోజనము అను ఆఱు కృత్యములతో నొక సూచిక నిర్మించి, శిశువు నేర్చిన క్రమమునకు విలోమముగా వృద్ధుడు వాని నొక్కొక్కటిగా కోల్పోవునని చూపెను. టెలిఫోను, అంగడి, మందులు, డబ్బు లెక్కలు మున్నగు ఎనిమిదింటిని లాటన్, బ్రోడీలు 1969లో చేర్చిరి. మనశ్శక్తికై హాడ్కిన్‌సన్ 1972లో పది ప్రశ్నల పరీక్షను, ఫోల్‌స్టైన్ దంపతులు మెక్‌హ్యూతో కలిసి 1975లో ముప్పది మార్కుల పరీక్షను రచించిరి. కుర్చీనుండి లేచి మూడు మీటర్లు నడచి వచ్చి కూర్చుండు పరీక్ష 1991 నాటిది. గడియారము తప్ప మఱే యంత్రమును కోరని ఆ నిరాడంబరత ప్రశంసనీయము.

1990లో బ్రిటిషు ప్రభుత్వము 75 ఏండ్లు దాటిన ప్రతివారిని ఏటేట పరీక్షకు ఆహ్వానించుట కుటుంబవైద్యుల విధిగా చేసెను. 106 వైద్యశాలలలో నడచిన పరిశోధన యొకటి, అందఱిని కూలంకషముగా పరీక్షించుటవలన మరణములుగాని ఆసుపత్రి చేరికలుగాని చెప్పుకోదగినంత తగ్గవని 2004లో వెల్లడించెను; ఆ యేటనే ఆ నిబంధన తొలగింపబడెను. కనుగొనుటకును ఆదుకొనుటకును నడుమ తగిన యేర్పాటు లేనిచో పరీక్ష పట్టికలకే పరిమితమగునని విమర్శకులు పలికిరి. జపాను 1963 శాసనముతో వృద్ధుల ఆరోగ్యపరీక్షల నారంభించి, 2006 నుండి 25 ప్రశ్నల పట్టికను వాడినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శిని మూడు మాటలు జ్ఞప్తి యుంచుకొనుట, చేతులు కట్టుకొని 14 సెకండ్లలో కుర్చీనుండి ఐదు మాఱులు లేచుట మున్నగువానితో ఆఱు శక్తులను పరీక్షింపుమన్నది.

భారతదేశమున ఈ పరీక్షలకు నిరక్షరాస్యత అడ్డుగా నిలిచెను. హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో మేరీ గంగూలీ బృందము ఫోల్‌స్టైన్ పరీక్ష ననుసరించి 1995లో ప్రకటించిన హిందీ పరీక్షయందు, వాక్యము వ్రాయుమనుటకు మాఱుగా ఇంటినిగూర్చి యేదైన చెప్పుమనిరి. కన్నులు మూయుమను వ్రాతను చదివించుటకు మాఱుగా పరీక్షకుడు తానే మూసి చూపెను. జాతీయ వృద్ధారోగ్య కార్యక్రమము 2010లో మొదలయ్యెను. 2017–18 నాటి దేశవ్యాప్త సర్వే 45 ఏండ్లు మొదలుకొని డెబ్బదిరెండు వేలకు పైబడిన జనుల జ్ఞాపకశక్తిని, పిడికిలి బలమును కొలిచెను. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణ అల్లాడి బృందము 648 మంది మతిభ్రంశరోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారికి రోగలక్షణములు నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా పొడసూపెననియు, నిరక్షరాస్యులలోను ఈ భేదము కానవచ్చెననియు 2013లో ప్రకటించెను. అనంతరము భారత వైద్యపరిశోధన మండలి సిద్ధపఱచిన మేధాపరీక్షల సంపుటి ఐదు భారతీయ భాషలలో వెలువడెను. అందు తెలుగు ఒకటి.