హాలీ సిక్కా – కల్దారు

నిజాం హైదరాబాదు సంస్థానపు రూపాయి హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారు. రెండూ పదహారణాల రూపాయలే అయినా విలువ ఒకటి కాదు. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు, అంటే 100 కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. నూటపదహార్ల ఆనవాయితీకి ఇదే మూలమన్న ప్రచారం ఉంది గానీ, అది నమ్మదగ్గ వాదన కాదు. బ్రిటిష్ హయాంలోని సంస్థానాల్లో సొంత కాగితపు నోట్లు ముద్రించే అనుమతి పొందింది హైదరాబాదు ఒక్కటే. 1918లో అవి వెలువడ్డాయి. ఉస్మానియా సిక్కాగానూ పేరొందిన హాలీ నాణేలపై చార్మినారు బొమ్మ ఉండేది. ఈ ద్రవ్యం నిర్వహణకే 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1948లో సంస్థానం భారత్‌లో కలిసినా సిక్కా వెంటనే పోలేదు. 1959 దాకా చెలామణిలో ఉంది.