గెల నింపిన ముక్కుపురుగు

1848లో నాలుగు ఆయిల్‌పామ్ మొక్కలు జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనానికి చేరాయి. ఆ చెట్టు సొంతగడ్డ పశ్చిమ ఆఫ్రికా. అక్కడ దాని పూలలోనే పుట్టి పెరిగే చిన్న ముక్కుపురుగు మాత్రం వెంట రాలేదు. పుప్పొడిని గాలే మోస్తుందని చాలాకాలం శాస్త్రజ్ఞులూ నమ్మారు.

మలేసియాలో 1917లో వాణిజ్య సాగు మొదలైంది. చెట్లు ఏపుగా పెరిగినా గెలలు నిండేవి కావు. లేత తోటల్లో, సబా ప్రాంతంలో ఈ బాధ మరీ ఎక్కువ. చివరికి కూలీలను పెట్టి పరాగసంపర్కం చేయించారు. ముళ్ల మట్టల మధ్య చేయి దూర్చి, విచ్చుకున్న ఆడ పూగుత్తిని వెతికి, టాల్కం పొడి కలిపిన పుప్పొడిని దాని మీద చిమ్మాలి. ఆ పూలు పుప్పొడిని అందుకునేది రెండు మూడు రోజులే కాబట్టి అవే వరుసల్లో మళ్లీ మళ్లీ తిరగాల్సిందే. ఒక వారం కూలీలు రాకపోతే ఆ నష్టం ఐదారు నెలల తర్వాత కోతలో బయటపడేది. ఎంత పెట్టుబడి పెట్టినా దిగుబడికి భరోసా లేని సాగు అది.

కామెరూన్‌లో పనిచేసి వచ్చిన యూనిలీవర్ తోటల అధికారి లెస్లీ డేవిడ్‌సన్‌కు ఈ తేడా అంతుపట్టలేదు. అక్కడ మనిషి చేయి పడకుండానే గెలలు నిండేవి. పూల మీద ముసిరే పురుగులను ఆయన చూశారు. వాటి సంగతి తేల్చే పని పాకిస్తాన్ కీటక శాస్త్రవేత్త రెహమాన్ సయ్యద్‌కు అప్పగించారు. మగ పూలు, ఆడ పూలు రెండూ సోంపు వాసన వేస్తాయి. పురుగు తినేదీ, గుడ్లు పెట్టేదీ మగ పూలలో. అదే వాసనకు ఆడ పూల మీదా వాలి, ఒంటికి అంటిన పుప్పొడిని అక్కడ రాలుస్తుంది. ఇతర పంటల జోలికి పోదని పరీక్షల్లో తేలాక, 1981లో దాన్ని మలేసియా రాష్ట్రమైన జొహోర్‌లోని తోటలో వదిలారు. చూస్తుండగానే దేశమంతా పాకింది. చేత్తో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది.

1985లో అది కేరళకు, తర్వాత మన తోటలకూ వచ్చింది. కొబ్బరి రైతుకు ముక్కుపురుగు పేరు వింటేనే గుండె దడ. పామాయిల్ రైతుకు మాత్రం ఈ జాతి ప్రాణమిత్రం. ఏలూరు జిల్లాలోనైనా, అశ్వారావుపేటలోనైనా కాపుకొచ్చిన తోటలో వాడిన మగ పూగుత్తులను కోసి పారేయకండి. వచ్చే తరం పురుగులు పెరుగుతున్నది వాటిలోనే.