జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి

బి.పి. జీవన్ రెడ్డి (జననం: 1932 మార్చి 14) 1991 అక్టోబరు నుంచి 1997 మార్చి వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన తెలుగువారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా, అలహాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. సుప్రీంకోర్టులో ఆయన ఉన్నది ఐదున్నరేళ్లే అయినా, ఆ కాలపు పెద్ద తీర్పులు చాలావాటిలో ఆయన కలం ఉంది.

వాటిలో మొదట చెప్పుకోవాల్సింది మండల్ కేసు. ఇందిరా సాహ్నీ కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1992 నవంబరు 16న తీర్పు చెప్పింది. తనతోపాటు మరో ముగ్గురి తరఫున ప్రధాన తీర్పు రాసింది జీవన్ రెడ్డి. కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం కోటా నిలిచింది. ఆర్థిక ప్రాతిపదికన ఇచ్చిన 10 శాతం పోయింది. మొత్తం రిజర్వేషన్లు మామూలుగా 50 శాతం దాటకూడదన్న గీత అక్కడే స్థిరపడింది.

వెనుకబడిన తరగతుల్లో రిజర్వేషన్ అక్కర్లేని సంపన్న శ్రేణి (క్రీమీ లేయర్)ని ఎలా వేరుచేయాలన్న చర్చలో ఆయన ఒక వడ్రంగిని ఉదాహరణగా తీసుకున్నారు. గల్ఫ్‌కు పోయి అక్కడా వడ్రంగం పనే చేస్తున్నవాడి సంపాదన రూపాయల్లో లెక్కేస్తే పెద్దదిగానే కనిపిస్తుంది. అంతమాత్రాన ఇక్కడున్న అతని పిల్లలకు రిజర్వేషన్ తీసేయాలా అని అడిగారు. అదే మనిషి ఫ్యాక్టరీ పెట్టి పదిమందికి పనిచ్చే స్థితికి వస్తే లెక్క మారుతుందన్నారు. లక్సెట్టిపేట, జగిత్యాల ప్రాంతాల్లో దుబాయి, మస్కట్ బాట పట్టిన ఇళ్లకు ఇది పక్కింటి సంగతే. నా దృష్టిలో ఆ తీర్పు మొత్తంలో నేల మీద నిలబడి రాసిన భాగం ఇదే. 1993లో కేంద్రం సంపన్న శ్రేణికి మొదటి ఆదాయ పరిమితిని ఏడాదికి లక్ష రూపాయలుగా పెట్టింది.

1993 ఫిబ్రవరిలో వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు పేరు తెలియనివాళ్లకూ దాని ఫలితం తెలుసు. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు, రెండూ మెరిట్ మీదే నింపాలన్న పద్ధతి అందులోదే. డొనేషన్ల దందాకు పగ్గం వేయాలన్నది ఉద్దేశం. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని తోసిపుచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అన్న మాట మాత్రం నిలిచి, అదే ఏడాది రాజ్యాంగంలోకి ఎక్కింది.

రాష్ట్రపతి పాలనకు హద్దులు గీసిన బొమ్మై కేసు (1994)లోనూ ఆయన తీర్పు కీలకం. అదే ఏడాది ఆటో శంకర్ కేసులో, ఖైదీగా ఉన్న శంకర్ ఆత్మకథను ‘నక్కీరన్’ పత్రిక వేయకుండా అధికారులు ముందే అడ్డుకోలేరని తేల్చారు. అందుకు అమెరికా సుప్రీంకోర్టు 1964లో ఇచ్చిన సలివన్ తీర్పుతోపాటు, బ్రిటన్ ప్రభువుల సభ న్యాయమూర్తులు 1993లో డెర్బీషైర్ కేసులో చెప్పినదాన్నీ ఆసరా చేసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధంపై మెక్‌డోవెల్ కంపెనీ వేసిన కేసులో 1996లో రాష్ట్రం పక్షాన తీర్పునిచ్చారు.

పదవీ విరమణ తర్వాత 1997 నుంచి 2000 వరకు లా కమిషన్ అధ్యక్షులుగా ఉన్నారు. మణిపూర్‌లో బలగాలు అదుపులోకి తీసుకున్న తంగ్జమ్ మనోరమ మరణంపై ఆందోళనలు చెలరేగాక, 2004 నవంబరులో సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని సమీక్షించే కమిటీకి కేంద్రం ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసింది. చట్టాన్ని రద్దుచేసి, అవసరమైన అంశాలను చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో చేర్చాలని 2005 జూన్‌లో కమిటీ సిఫారసు చేసింది. కేంద్రం ఆ నివేదికను అధికారికంగా బయటపెట్టలేదు, చట్టాన్నీ రద్దు చేయలేదు.